72 గొప్పా, 73 గొప్పా?

1996లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ యాభై ఏళ్ల పండుగ చేసుకుంటూ తన చరిత్రలోని పది మేటి జట్ల జాబితా ప్రకటించింది. ఎంపిక చేసింది అక్కడి క్రీడా విలేకరులు. అందులో అన్నిటికన్నా పాతది 1964-65 నాటి బోస్టన్ సెల్టిక్స్. అంతకు ముందు లీగ్ నడిచిన పద్దెనిమిది సీజన్ల నుంచి ఒక్క జట్టూ లేదు. బిల్ రసెల్ ఆడిన పదమూడు సీజన్లలో సెల్టిక్స్ 11 టైటిళ్లు గెలిచింది. 1959 నుంచి 1966 దాకా వరసగా ఎనిమిది. అన్నిటికీ కలిపి జాబితాలో దక్కింది ఒక్క చోటే. మైకేల్ జోర్డాన్ ఆడిన షికాగో బుల్స్‌కు మాత్రం రెండు. ఓటేసినవాళ్ల కళ్లలో ఏ ఆట మెదులుతోందో వేరే చెప్పక్కర్లేదు.

ఎవరు గొప్ప అన్న తగవు ఎన్‌బీఏ కన్నా పాతది. మొదట్లో అది కాలం గురించి కాదు, ఒంటి రంగు గురించి. నల్లజాతి ఆటగాళ్ల జట్టు న్యూయార్క్ రెనసాన్స్, అభిమానుల నోట ‘రెన్స్’, 1939లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రొఫెషనల్ టోర్నీ గెలిచింది. 1948 ఫిబ్రవరిలో అదే నగరంలో హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్, జార్జ్ మైకన్ ఉన్న మినియాపొలిస్ లేకర్స్‌ను ఆఖరి క్షణంలో పడిన బాస్కెట్‌తో 61-59తో ఓడించింది. ఎన్‌బీఏలో నల్లజాతి ఆటగాళ్లు అడుగుపెట్టింది 1950లో. ఒకే కాలంలో ఆడుతున్న జట్లు ఎదురుపడటమే అరుదైన రోజులవి. 1996 జాబితా లీగ్ సొంతం కనుక రెన్స్‌కు అందులో తావే లేదు. ‘ఆల్‌టైమ్’ అని ఎవరన్నా నాకు ముందు ఈ జట్టే గుర్తొస్తుంది.

తరాలు మారేకొద్దీ చిక్కు ఇంకో దారి పట్టింది. ఎదురులేని ఆటగాడు వచ్చినప్పుడల్లా అతణ్ని ఆపడానికి నిబంధనలనే మార్చారు. మేటి జట్టు వెళ్తూ వెళ్తూ కొలబద్దను కూడా మార్చేసి పోయేది. ఆరడుగుల పదంగుళాల మైకన్ బాస్కెట్ పక్కన నిలబడితే ఆపగలిగినవాడు లేడు. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ ఒక ఉపాయం పన్నింది: బంతి చేతికొచ్చాక షాట్ వేయకుండా అట్టే పెట్టుకోవడం. ఆ రాత్రి ఫోర్ట్ వేన్ 19-18తో గెలిచింది. లేకర్స్ 18 పాయింట్లలో 15 మైకన్‌వే. మరుసటి ఏడాది, దాడి చేసేవాళ్లు ఎక్కువసేపు నిలబడకూడని బాస్కెట్ ముందరి ‘కీ’ వెడల్పు 6 అడుగుల నుంచి 12కు పెరిగింది. విల్ట్ చాంబర్లెయిన్ వచ్చాక, 1964లో అదే 16 అయింది.

బంతిని దాచుకునే జబ్బుకు మందు 1954లో దొరికింది. సిరాక్యూస్ నేషనల్స్ యజమాని డానీ బయాసోన్ ఒక లెక్క వేశాడు. రసవత్తరంగా సాగిన మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి సుమారు 120 షాట్లు వేస్తాయి. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. భాగిస్తే 24. ఆ గడువులోగా షాట్ వేయాల్సిందే. మొదటి సీజన్‌లోనే ఒక్కో జట్టు సగటు 79.5 నుంచి 93.1 పాయింట్లకు ఎగిరింది; 1961-62కి 118 దాటింది. ఈ ఆటలో ఇంతకన్నా విలువైన భాగహారం మరొకరు చేయలేదు. కానీ 1954కు ఇవతలి జట్టునూ అవతలి జట్టునూ పాయింట్లతో పోల్చే దారి దాంతోనే మూసుకుపోయింది.

లెక్కల పుస్తకం తెరిస్తే ఇంకో అన్యాయం కనిపిస్తుంది. ఎదుటివాడి షాట్‌ను అడ్డుకుని, బంతిని కోర్టు బయటికి పోనివ్వకుండా తన జట్టువాళ్లకే అందేలా తట్టడం రసెల్ విద్య. సెల్టిక్స్ వైభవానికి పునాది అదే. ఎన్‌బీఏ బ్లాకులు, స్టీల్స్ లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో; రసెల్ 1969లోనే ఆట మానేశాడు. నేటి కంప్యూటర్‌కు ఆ విద్య సున్నా.

అయినా వేర్వేరు కాలాలవాళ్లను కంప్యూటర్‌లో తలపడేలా చేసే పిచ్చి ఆగలేదు. అది మొదలైంది బాక్సింగ్‌తో. రాకీ మార్సియానో, మహమ్మద్ అలీ కెమెరా ముందు తలపడినట్టు నటిస్తే, ముగింపు కంప్యూటర్ చెప్పిందంటూ 1970 జనవరిలో సినిమా హాళ్లలో వేశారు. అమెరికా ప్రేక్షకులు చూసిందాంట్లో పదమూడో రౌండులో మార్సియానో గెలుస్తాడు. అప్పటికి ఆయన చనిపోయి నెలలైంది. తర్వాత వీడియో గేములు బాస్కెట్‌బాల్‌కూ ఆ సరదా తెచ్చిపెట్టాయి.

కాస్త నిజాయితీ ఉన్న దారి, ప్రతి జట్టునూ దాని సమకాలికులతోనే కొలవడం. చదరంగం కోసం ఆర్పాడ్ ఈలో తయారుచేసిన రేటింగ్‌ను 2015లో ఫైవ్‌థర్టీఎయిట్ సంస్థ ఎన్‌బీఏ చరిత్ర మొత్తానికీ వర్తింపజేసింది. అంతకన్నా సులువైనది, మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారన్నది. వరసగా 33 మ్యాచ్‌లు గెలిచిన 1971-72 లేకర్స్ తేడా 12.3. 72 గెలిచి 10 ఓడిన 1995-96 బుల్స్‌ది 12.2. 73 గెలిచి 9 ఓడిన 2015-16 గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ది 10.8. పైగా ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం చేజార్చుకుని ఓడింది వారియర్సే. నా ఓటు బుల్స్‌కే.

బుల్స్, వారియర్స్ నిజంగా తలపడితే మాత్రం నేను పందెం కాయను. దూరపు గీత అవతలి నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే త్రీ పాయింటర్ వచ్చిన ఏడాది, 1979-80లో, ఒక్కో జట్టు మ్యాచ్‌కు మూడైనా ప్రయత్నించలేదు, 2015-16లో 24. బుల్స్ సీజన్ మొత్తంలో 544 త్రీలు సాధించింది, అదీ లీగ్ తాత్కాలికంగా గీత దగ్గరికి జరిపిన రోజుల్లో. వారియర్స్ 1,077 సాధించింది, అందులో స్టెఫెన్ కర్రీ ఒక్కడివే 402. మరోవైపు, చేయి ఆనించి ఎదుటివాణ్ని నిలువరించే వీలు జోర్డాన్ కాలానికి ఉండేది. 2004 తర్వాత ఆ పప్పులుడకవు. ఏ రిఫరీని పిలవాలి, ఏ గీత గీయాలి అన్నది తేలితే గెలుపు సగం తేలినట్టే.

రెండు జట్లనూ లోపలినుంచి చూసినవాడు ఒకడున్నాడు. స్టీవ్ కెర్ 72 గెలిచిన బుల్స్‌లో ఆటగాడు, 73 గెలిచిన వారియర్స్‌కు కోచ్. 2017 ఫైనల్స్ సమయంలో పాతతరం ఆటగాళ్లు తామైతే వారియర్స్‌ను చిత్తు చేసేవాళ్లమని తాతల నేతుల కబుర్లు చెబుతుంటే, విలేకరులు కెర్‌ను కదిపారు. అవును, వాళ్లంతా మమ్మల్ని చంపేసేవాళ్లే, 1950లవాళ్లయితే అందరినీ మట్టి కరిపించేవాళ్లు, ఆటల్లో మనిషి పరిణామం వెనక్కి నడవడమే విచిత్రం అన్నాడు మొహంలో నవ్వు లేకుండా. ఆ ప్లేఆఫ్స్‌లో వారియర్స్ 17 మ్యాచ్‌లాడి ఒక్కటే ఓడింది.