ప్రత్యామ్నాయ మొబైల్ ఆపరేటింగ్ సిస్టములపై బ్యాంకు యాప్‌ల ఆంక్షలు

తయారీదారు అమర్చిన ఆండ్రాయిడ్‌కు బదులు లీనేజ్ ఓఎస్, గ్రాఫీన్ ఓఎస్ వంటి వేరొక ఆపరేటింగ్ సిస్టమును స్థాపించుకొన్న ఫోనులలో పలు బ్యాంకుల యాప్‌లు తెరచుకొనవు, లేదా హెచ్చరిక చూపి ఆగిపోతాయి. ఇందుకు బ్యాంకులు చూపే కారణం భద్రత. భారతదేశంలో ఈ విషయం రిజర్వు బ్యాంకు నిబంధనలతోను, పోటీ చట్టంతోను ముడిపడి ఉన్నది.

రిజర్వు బ్యాంకు ఆదేశం

డిజిటల్ చెల్లింపుల భద్రతపై రిజర్వు బ్యాంకు 2021 ఫిబ్రవరి 18న ఒక సమగ్ర ఆదేశమును వెలువరించినది. ఫోను రూట్ చేయబడినదో లేదో పరీక్షించి, అట్టి ఫోనులో యాప్ పనిచేయకుండా నిలుపు అవకాశమును బ్యాంకులు పరిశీలించవచ్చునని అందులో కలదు. రూట్ చేయడం అనగా సిస్టముపై సర్వాధికారం వాడుకరికి దక్కునట్లు రక్షణలను సడలించడం. ఇది తప్పనిసరి నియమం కాదు, సూచన మాత్రమే. పైగా సిస్టమును మార్చినంత మాత్రాన ఫోను రూట్ అయినట్లు కాదు. గ్రాఫీన్ ఓఎస్‌ను స్థాపించిన పిమ్మట బూట్‌లోడర్‌కు తిరిగి తాళం వేయవచ్చును.

ఆచరణలో ఈ భేదం చెరిగిపోయినది. అనేక యాప్‌లు తామే పరీక్షించక గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ సేవను ఆశ్రయిస్తాయి (దీనికి పూర్వం సేఫ్టీనెట్ ఉండేది). ఇందులో ప్రాథమిక స్థాయిని మించిన ధ్రువీకరణ గూగుల్ ఆమోదించిన సిస్టములకే లభిస్తుంది. అందుచేత ఏళ్ల తరబడి భద్రతా సవరణలు అందని పాత ఫోను మధ్యస్థాయి పరీక్షలో నెగ్గవచ్చును. తాజా సవరణలున్న గ్రాఫీన్ ఓఎస్ నెగ్గదు. ఏ స్థాయి కావలెనో నిర్ణయించేది మాత్రం యాప్ తయారీదారే.

పోటీ చట్టం

భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న ఆండ్రాయిడ్ విషయమై గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ప్లే సర్వీసుల ఏపీఐలను పోటీదారులకు నిరాకరింపరాదని, తద్వారా ఆండ్రాయిడ్ శాఖలలోను యాప్‌లు పనిచేయవలెనని ఆదేశించినది. ఈ అంశానికి అత్యంత చేరువైన ఆదేశం ఇదే. కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునలు 2023 మార్చి 29న జరిమానాను సమర్థిస్తూనే, సరిగ్గా ఈ ఆదేశమును, మరి మూడింటిని కొట్టివేసినది. అదే ఏడాది జనవరిలో ఐఐటీ మద్రాసు ప్రోత్సాహంతో రూపొందిన భారోస్ వెలుగులోకి వచ్చినది. గూగుల్ సేవలు లేని ఈ స్వదేశీ సిస్టముకు కూడ ఇదే చిక్కు వర్తిస్తుంది.

గ్రామీణ ప్రాంతాలలో

జగిత్యాల జిల్లా మేడిపల్లి వంటి మండలాలలో ఈ సమస్య ముఖ్యంగా పాత ఫోనులకు సంబంధించినది. తయారీదారు సవరణలు నిలిపివేసిన పిదప, కొంతకాలానికి బ్యాంకు యాప్ కొత్త ఆండ్రాయిడ్‌ను కోరుతుంది. లీనేజ్ ఓఎస్ ద్వారా దానిని తెచ్చుకొంటే అదే యాప్ నిరాకరించవచ్చును. తెలంగాణ గ్రామీణ బ్యాంకు వంటి ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు 2021 ఆదేశం పరిధిలో లేవు.

ఊరిలో ఉన్నవారికి బ్యాంకు శాఖ, *99# సేవ (ఒక లావాదేవీకి 5,000 రూపాయల వరకు), 2022లో ప్రారంభమైన యూపీఐ 123పే ఉన్నవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు శాఖకు వెళ్లలేరు. ఖాతా చూసుకొనుటకు వారికి యాప్, వెబ్‌సైటు ముఖ్యమైన ఆధారం.