సీసపు గుండ్ల లెక్క

1776 జులై 9న స్వాతంత్ర్య ప్రకటన చదవగా విన్న న్యూయార్క్ జనం మూడో జార్జి విగ్రహాన్ని కూలదోశారు. గుర్రమెక్కిన రాజు, సీసపు పోత, పైన బంగారు పూత. ముక్కలు చేసిన ఆ సీసంలో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు, ఆలివర్ వుల్కాట్ ఇంటికి చేరింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఆయనొకరు.

విగ్రహం కూల్చిన రాత్రిని చిత్రకారులు బొమ్మలు గీశారు. నన్ను పట్టి నిలిపింది మాత్రం వుల్కాట్ కాగితాల్లోని ఒక లెక్క. మిసెస్ మార్విన్ 6,058. రూత్ మార్విన్ 11,592. లారా 8,378. మేరీ ఆన్ 10,790. మిసెస్ బీచ్ 1,802. చేసినవాళ్లలో పేరున్న మగవాడు ఒక్కడే. పదేళ్లు నిండని ఫ్రెడరిక్, 936. మొత్తం 42,088 తూటాల్లో ఈ అయిదుగురు ఆడవాళ్ల పేరున ఉన్నవే 38,620.

దీన్ని 'సాయం' అని ఒక్క మాటలో తేల్చేయడం మనకు అలవాటు. అసలు ఆ పనేమిటో చూద్దాం. గుండ్ల అచ్చు పట్టకారులా ఉంటుంది. రెండు దవడల్లో చెరి సగం గుంట, పైన సీసం పోసే సన్నని దారి. సగాలు సరిగ్గా కలవకపోతే గుండుకు అంచు లేస్తుంది. గుంటను తుపాకీ గొట్టం కంటే చిన్నదిగా తొలచాలి. బ్రిటిష్ మస్కెట్ గొట్టం సుమారు ముప్పావు అంగుళం, గుండు అంతకన్నా తక్కువ. గుండు చుట్టూ కాగితం పట్టాలి, కాల్చే కొద్దీ లోపల పేరుకునే మసికీ చోటుండాలి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. ఇంటి పొయ్యి చాలు. యుద్ధం అంత సులువుగా వంటింట్లోకి వచ్చింది అందుకే. అచ్చు వేడెక్కకముందు పోస్తే గుండు ముడతలు పడుతుంది. పెనం కాలకముందు పోసిన మొదటి అట్టులాగే అదీ పనికిరాదు, మళ్లీ కరిగించాల్సిందే. తర్వాత తోక కత్తిరించి, మందుతో కలిపి కాగితంలో చుడితే ఒక తూటా. రూత్ ఇలా 11,592 సార్లు.

అప్పటి చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ కష్టార్జితం భర్తదే. గరిటె ఆమెది కాదు, ఇల్లు ఆమెది కాదు, ఓటు అసలే లేదు. కనెక్టికట్ స్త్రీలకు ఓటు హక్కు రావడానికి 1920 దాకా పట్టింది. స్వేచ్ఛ కోసం పోసిన గుండ్లను లెక్కపెట్టుకున్న దేశం, పోసినవాళ్లను పౌరులుగా లెక్కపెట్టడానికి 144 ఏళ్లు తీసుకుంది.

అలాగని ఈ అంకెలు చూసి మురిసిపోవడం నాకు చేతకావడం లేదు. ప్రతి అంకె వెనకా ఒక గుండె గురి ఉంది. వీరనారులంటూ పొగిడితే ఆ సంగతి మరుగున పడుతుంది. సాయమంటే పనితనం మరుగున పడుతుంది. పనిని పనిగా, దాని ఫలితంతో సహా చదవడమే మనకు కావలసింది.

ఆ జాబితాలో 'ఇతరులు' అని ఇంకో వరుస ఉంది. 2,182 తూటాలు. వాళ్లకు ఆ మాత్రం పేరు కూడా దక్కలేదు.