శాసనసభ నుంచి సర్వోన్నత న్యాయస్థానానికి...

ఎమ్మెల్యేగా, మంత్రిగా పనిచేసి అనంతరం సుప్రీంకోర్టు న్యాయమూర్తి పీఠాన్ని అధిష్ఠించిన వారు దేశంలో బహు అరుదు. వారిలో కేరళకు చెందిన జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ అగ్రగణ్యులు. ఉరిశిక్షపై ఆయన వెలువరించిన తీర్పుల్లో రెండు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినవే.

పాలక్కాడ్ సమీపంలోని వైద్యనాథపురం ఆయన స్వస్థలం. 1930ల చివరలో తలశ్శేరిలో న్యాయవాద వృత్తి చేపట్టి రైతులు, కార్మికుల పక్షాన వాదించారు. కమ్యూనిస్టులకు న్యాయసహాయం చేశారన్న ఆరోపణపై 1948లో సుమారు నెలరోజులు కారాగారవాసం అనుభవించారు. 1952లో కూతుపరంబ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించే వరకు తెలుగు జిల్లాల సభ్యులు కూర్చున్నదీ ఆ సభలోనే.

1957లో కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్రునిగానే తలశ్శేరి నుంచి గెలుపొంది, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో హోం, న్యాయ, విద్యుత్తు, జైళ్లు తదితర శాఖలు నిర్వహించారు. ఖైదీగా జైలును చూసిన వ్యక్తి జైళ్ల మంత్రి కావడం విశేషం. 1959 జులై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. అనంతరం ఆయన తిరిగి నల్లకోటు ధరించారు. 1965 ఎన్నికల్లో ఓటమి పాలయ్యారు.

1968లో కేరళ హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. లా కమిషన్ సభ్యునిగా పనిచేసి, 1973 జులైలో సుప్రీంకోర్టుకు చేరారు. రాజకీయ నేపథ్యం గల వ్యక్తికి ఆ పదవి ఎలా ఇస్తారని కొందరు న్యాయవాదులు బాహాటంగానే అభ్యంతరం తెలిపారు. ఆ అనుమానం నిరాధారమని 1975 జూన్ 24న తేలిపోయింది. అలహాబాద్ హైకోర్టు తీర్పుపై ఇందిరాగాంధీ కోరిన పూర్తి స్టేను సెలవుకాల న్యాయమూర్తిగా ఆయన ఇవ్వలేదు. ప్రధానిగా కొనసాగవచ్చునని, లోక్‌సభలో ఓటు వేయరాదని షరతు విధించారు. మరునాటి రాత్రే ఎమర్జెన్సీ వచ్చింది.

1974లో ఎడిగ అనమ్మ కేసులో ఆమె వయసును, అత్తింటి నుంచి గెంటివేతకు గురైన వైనాన్ని, ఉరి నీడలో గడిపిన కాలాన్ని పరిగణించి మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. మరుసటి సంవత్సరం ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌ల పిటిషన్ కూడా ఆయన ముందుకే వచ్చింది. క్షమాభిక్ష రాష్ట్రపతి అధికారమని, అందులో కోర్టు జోక్యానికి అవకాశం లేదని పిటిషన్ తోసిపుచ్చారు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు. ఉరిశిక్షను అంతగా వ్యతిరేకించిన న్యాయమూర్తి చేతికి చట్టం వేసిన సంకెల అది.

తిహార్ జైలు నుంచి సునీల్ బత్రా అనే ఖైదీ రాసిన లేఖనే పిటిషన్‌గా స్వీకరించి, ఖైదీలకూ ప్రాథమిక హక్కులు ఉంటాయని చాటిన తీర్పు ఆయనదే. 1980 నవంబరులో పదవీ విరమణ చేశారు. 1987 రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల అభ్యర్థిగా ఆర్.వెంకట్రామన్‌పై పోటీచేసి ఓడిపోయారు. 1999లో పద్మవిభూషణ్ వరించింది. మరణశిక్ష రద్దు కోసం చివరి వరకు గళమెత్తిన ఆయన 2014 డిసెంబరు 4న కొచ్చిలో కన్నుమూశారు.