ఇంట్లో కేకులు చేసి అమ్ముతున్నారా? రిజిస్ట్రేషన్ ఎలా, ఏ నిబంధనలు వర్తిస్తాయి?

కర్నూలులో, కడపలో పుట్టినరోజు కేకు కావాలంటే ఇప్పుడు బేకరీకే వెళ్లాలని లేదు. పక్క వీధిలో ఉండే అక్క వాట్సాప్ స్టేటస్ చూస్తే చాలు. బార్బీ బొమ్మ కేకు, క్రికెట్ పిచ్ కేకు, షష్టిపూర్తికి రెండంతస్తుల కేకు అన్నీ అక్కడే ఉంటాయి. కుక్కర్ అడుగున ఉప్పు పోసి మొదటి స్పాంజ్ చేసినవాళ్లే తర్వాత ఓటీజీ కొన్నారు, టర్న్‌టేబుల్ కొన్నారు, నాజిళ్ల సెట్టు తెప్పించుకున్నారు. ఆ తర్వాత ఎవరో ఒకరు ‘మా పాపకు కూడా ఒకటి చేసిపెట్టక్కా, డబ్బులిస్తాం’ అంటారు. చట్టం లెక్క అక్కడే మొదలవుతుంది.

సరదాకు, వ్యాపారానికి తేడా ఏంటి?

మీ ఇంటి పిల్లలకు కేకు చేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆర్డర్లు తీసుకుని అమ్మితే మాత్రం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వర్తిస్తుంది. ‘నేనేం లాభం తీసుకోవట్లేదు, సామాను ఖర్చే తీసుకుంటున్నా’ అనే మాట ఇక్కడ చెల్లదు. లాభం ఉన్నా లేకపోయినా అది ఆహార వ్యాపారమేనని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. ఇంటి వంటగది కాబట్టి మినహాయింపు ఉంటుందనుకోవడమూ పొరపాటే.

అలాగని భయపడాల్సిందేమీ లేదు. చిన్న తయారీదారులకు పూర్తి స్థాయి లైసెన్స్ అవసరం లేదని, రిజిస్ట్రేషన్ చాలని ఈ చట్టంలోని సెక్షన్ 31 చెబుతోంది. ఎవరు చిన్న తయారీదారు అన్నది 2011 నిబంధనలు తేల్చాయి. అప్పుడు పెట్టిన లెక్క ప్రకారం ఏడాది టర్నోవర్ రూ.12 లక్షలు మించకూడదు, రోజువారీ తయారీ సామర్థ్యం 100 కిలోలు దాటకూడదు. ఇంట్లో ఒక ఓటీజీతో రోజుకు 100 కిలోల కేకులు చేయడం ఎలాగూ సాధ్యం కాదు. ఆ నిబంధనల్లో రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి రూ.100. పరిమితులు, ఫీజులు, గడువులను ప్రభుత్వం సవరిస్తూ ఉంటుంది కాబట్టి దరఖాస్తు చేసే రోజు అధికారిక సైట్‌లో కనిపించే వివరాలనే ప్రమాణంగా తీసుకోండి.

ఫోన్‌లోనే చేసుకోవచ్చు

దరఖాస్తుకు ఒకే చోటు ఉంది. అది 2020లో వచ్చిన ఫోస్కోస్ పోర్టల్. చిరునామా: ఫోస్కోస్ డాట్ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ డాట్ గవ్ డాట్ ఇన్. చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో తప్పక చూడండి. గూగుల్‌లో వెతికితే ముందుగా కనిపించేవాటిలో ప్రైవేటు ఏజెంట్ల సైట్లు కూడా ఉంటాయి. వాటి రంగులు, లోగోలు ప్రభుత్వ సైట్‌ను తలపిస్తాయి. వందల్లో అయ్యే పనికి వేలు అడుగుతాయి. ఒక ఫొటో, ఒక గుర్తింపు కార్డు, చిరునామా వివరాలతో పూర్తయ్యే దరఖాస్తుకు ఏజెంటు అవసరమే లేదు. ఫారం నింపడం ఇబ్బందిగా ఉంటే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నా సరిపోతుంది.

రెండు చోట్ల మాత్రం ఆగి చూసుకోండి. ఒకటి జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల వేరే జిల్లా. నంద్యాలలో ఉంటూ పాత అలవాటుకొద్దీ కర్నూలు ఎంచుకుంటే దరఖాస్తు మీది కాని జిల్లాకు వెళ్తుంది. ఆదోనివాళ్లకు కర్నూలే, ప్రొద్దుటూరువాళ్లకు కడపే. రెండోది వ్యాపార రకం. మీరు కేకు తయారుచేస్తున్నారు కాబట్టి తయారీ విభాగంలో బేకరీ ఉత్పత్తులను ఎంచుకోవాలి. వేరేచోట కొని అమ్మేవాళ్ల విభాగం మీది కాదు.

2011 నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారులు రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం చెప్పి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని నోటీసు ఇవ్వాలి. ఏ స్పందనా లేకపోతే పని మొదలుపెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ వస్తే 14 అంకెల నంబరు ఇస్తారు. 2022 జనవరి 1 నుంచి ఆ నంబరును బిల్లు మీద వేయడం తప్పనిసరి. స్విగ్గీ, జొమాటోలో చేరాలన్నా ముందు అడిగేది ఇదే.

ఈ నంబరు ఎందుకు ముఖ్యమో 2024 మార్చిలో పంజాబ్‌లోని పటియాలాలో జరిగిన ఘటన చెబుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన పుట్టినరోజు కేకు తిన్న తర్వాత పదేళ్ల బాలిక చనిపోయింది. ఆర్డర్‌లో కనిపించిన దుకాణం పేరు ఒకటి, కేకు తయారైన బేకరీ మరొకటి అని తర్వాత బయటపడింది.

గుడ్డు ఉందా, లేదా?

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. శనివారం గుడ్డు ముట్టని ఇళ్లు రాయలసీమలో చాలానే ఉన్నాయి, ఏ రోజూ తినని ఇళ్లూ ఉన్నాయి. లేబులింగ్ నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది. పాలు, వెన్న శాకాహారం. కాబట్టి గుడ్డు వేసిన కేకు పెట్టెపై చతురస్రంలో గోధుమ రంగు త్రికోణం, గుడ్డు లేనిదానిపై ఆకుపచ్చ చుక్క ఉండాలి. పొద్దున గుడ్లు గిలక్కొట్టిన బీటర్‌నే కడగకుండా మధ్యాహ్నం ఎగ్‌లెస్ పిండిలో పెడితే, పెట్టె మీద ఆకుపచ్చ చుక్క వేసి లాభమేంటి? రెండూ చేసేవాళ్లు బీటర్లు, టిన్‌లు విడివిడిగా పెట్టుకోవడం మేలు.

ఎరుపు ఎంత ముదిరితే అంత చిక్కు

2024 అక్టోబర్‌లో కర్ణాటక ఆహార భద్రత విభాగం 235 కేకు నమూనాలు పరీక్షిస్తే 12 సురక్షితం కాదని తేలింది. రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ రకాల్లోనే సమస్య ఎక్కువని హెచ్చరించింది. అక్కడ దొరికిన రంగుల్లో టార్ట్రాజిన్, కార్మోయిసిన్ లాంటివి మన దేశంలో అనుమతి ఉన్నవే. చిక్కంతా మోతాదుతోనే.

కేకుల్లో కృత్రిమ రంగుకు పరిమితి 100 పీపీఎం. అంటే కిలో కేకులో అసలు రంగు పదార్థం 100 మిల్లీగ్రాములు, గ్రాములో పదో వంతు మించకూడదు. కంటి అంచనాతో చిటికెడు వేస్తే ఈ లెక్క దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు. లేబుల్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేని విడి రంగు పొడి అసలు కొనొద్దు. బీట్‌రూట్ వాడొచ్చు కానీ ఓవెన్ వేడికి దాని ఎరుపు గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఆ మాట కస్టమర్‌కు ముందే చెప్పండి.

మెరుపు పొడుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉన్నంత మాత్రాన అది తినేది కాదు. ‘ఎడిబుల్’ అని ఉండాలి, అందులో ఏమేం కలిపారో రాసి ఉండాలి. అమెరికాలో 2018లో ఇలాంటి మెరుపు పొడి పూసిన కేకు తిని పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు.

మే నెలలో క్రీమ్ కేకు

యూట్యూబ్ వీడియోలు చాలావరకు ఏసీ గదుల్లో తీసినవి. మన ఎండలు 42, 43 డిగ్రీలు దాటుతాయి. వెన్న 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి బటర్‌క్రీమ్ పూలు పెట్టె మూత తీసేలోపే జారిపోతాయి. జారిన పువ్వుతో పోయేది అందమే. అసలు ప్రమాదం కంటికి కనిపించదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అందుకే క్రీమ్ కేకు 5 డిగ్రీల లోపే ఉండాలి. కడప నుంచి ప్రొద్దుటూరుకు మధ్యాహ్నం బస్సులో కేకు పంపాలంటే ఐస్ ప్యాక్‌లు పెట్టిన థర్మోకోల్ పెట్టె తప్పదు. కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగిపోయిందనుకోండి, ఆ రోజు క్రీమ్ కేకు ఇవ్వకపోవడమే మంచిది. ఎండాకాలం మూడు నెలలు టీకేకు, ప్లమ్ కేకు, కొర్ర పిండి, రాగి పిండి కేకులకు మళ్లినా నష్టం లేదు.

నీళ్లు తాగడానికి పనికొచ్చేవే వాడాలి. బోరు ఉప్పునీళ్లతో పిండి కలపొద్దు.

జీఎస్టీ, గ్యాస్, అప్పు

2025 సెప్టెంబర్ 22 నుంచి కేకులపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకు టర్నోవర్ రూ.40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కాబట్టి ఇంటి బేకర్లలో ఎక్కువమందికి ఆ బెడద లేదు. గ్యాస్ ఓవెన్ వాడేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం. ఓటీజీ అయితే 2,000 వాట్లది గంట పనిచేస్తే సుమారు రెండు యూనిట్లు. కేకు ధర కట్టేటప్పుడు ఇది చాలామంది మర్చిపోతారు.

పెద్ద ఓవెన్ కొనడానికి డబ్బు కావాలంటే ముద్ర పథకంలో శిశు కేటగిరీ కింద రూ.50,000 వరకు బ్యాంకు అప్పు దొరుకుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో ఫోన్‌లోనే చేసుకోవచ్చు.

కేకు కొనేవాళ్లు చేయాల్సిందీ ఒకటుంది. 14 అంకెల నంబరు అడిగి తీసుకుని ఫోస్కోస్‌లో వెతికితే అది ఎవరి పేరున ఉందో, గడువు ఉందో లేదో తెలుస్తుంది. అనుమానం ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800 112 100కు ఫోన్ చేయొచ్చు, ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు కూడా ఇవ్వొచ్చు.