మామునూరి విమానక్షేత్రము

ఓరుగల్లు చెంత మామునూరి విమానక్షేత్రము 1930 ప్రాంతమున నిజాము ప్రభుత్వకాలమున వెలసినది. 1981 వఱకు విమానము లందు దిగుచుండెను, పిమ్మట మూఁతవడెను. దాని పునరుద్ధరణ మింతకాలము జాగగుటకు స్థలాభావమొక్కటియే హేతువు కాదు. 2004లో శంషాబాదు విమానాశ్రయమునకై కుదిరిన యొడంబడికలో, 150 కిలోమీటర్ల లోపల నిరువదియైదేండ్లు మఱియొకదానిని వృద్ధి చేయరాదను నిషేధము కలదు. మామునూరు ఆ వలయములోఁ జిక్కినది. ప్రజాప్రతినిధు లెన్ని విజ్ఞప్తులు చేసినను ఆ వాక్యము చాలకాలము కదలలేదు. ప్రభుత్వక్షేత్రమునకై ప్రభుత్వమే నిర్వాహకసంస్థ యంగీకారమున కెదురుచూచుట చిత్రము! తుదకు సంస్థ సమ్మతింపఁగా 2025 ఫిబ్రవరిలోఁ గేంద్రానుమతి లభించెను. నిషిద్ధమును మరల ననుమతించు నిట్టి విధిని శాస్త్రజ్ఞులు ప్రతిప్రసవ మందురు. అంతకుమున్నే, 2024 నవంబరులో, 253 యెకరముల సేకరణమునకు రాష్ట్రప్రభుత్వము 205 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఆ పరిహారము చాలదని నక్కలపల్లి మొదలగు గ్రామముల రైతులు మొఱవెట్టిరి.