చుక్కల కొలువు చేసిన నాన్న, తోకచుక్కను కనుగొన్న కొడుకు



మన సండే స్కూల్ పిల్లలకు దావీదు తెలుసు, దానియేలు తెలుసు. చుక్కను చూసి బయలుదేరిన తూర్పు దేశపు జ్ఞానులను ప్రతి క్రిస్మస్ నాటికలో వాళ్లే ఆడి చూపిస్తారు. కానీ జనగామలో రైలెక్కితే చేరుకునే హైదరాబాదులో, చుక్కల మీద ప్రేమతో పెరిగి లోకమంతా గౌరవించే ఖగోళ శాస్త్రవేత్త అయిన ఒకాయన గురించి వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. ఆయన పేరు వైను బప్పు. ఈ వారం ఆయన కథ మీ పిల్లలకు చదివి వినిపించండి.

ఈ కథ ఆయన పుట్టక ముందే మొదలైంది. నిజాం కాలంలో నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువుకు ఆకాశమంటే మహా ఇష్టం. 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి వేధశాల పెట్టాడు. ఆయన 1907లో చనిపోయాక, మరుసటి సంవత్సరం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ అదే. ఆ రోజుల్లో దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని, గాజు పలకల మీద ఫోటోలు తీసి, ఒక్కొక్క నక్షత్రం ఎక్కడుందో కొలిచి పట్టీలు రాస్తున్నాయి. అందులో ఒక భాగం మన హైదరాబాదు వంతుకు వచ్చింది. ఏళ్ల తరబడి కూర్చుని లక్షల నక్షత్రాలను కొలిచారు. దేవుడు అబ్రాహామును గుడారం బయటికి తీసుకొచ్చి, చేతనైతే నక్షత్రాలు లెక్కపెట్టమన్న సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ ఓపిక గల మనుషులు గుర్తొస్తారు.

ఆ వేధశాలలోనే సహాయకుడిగా పనిచేసిన కేరళ కుటుంబీకుడు వైను బప్పు తండ్రి. ఆయన పెద్ద అధికారి కాదు. కానీ ఆయన కొలువు కొడుక్కి ఆకాశాన్ని పరిచయం చేసింది. 1927లో పుట్టిన ఆ పిల్లవాడు నిజాం కాలేజీలో చదువుకుంటూనే నక్షత్రాల వెలుగు ఎలా పెరిగి తగ్గుతుందో గమనించి, 1946 నాటికే పరిశోధన వ్యాసాలు రాశాడు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1949లో అమెరికాలోని హార్వర్డుకు చేరాడు. వెళ్లిన కొద్ది నెలలకే, జూలైలో, తాను తీసిన ఫోటో పలక మీద ఎవరూ ఎరుగని ఒక తోకచుక్క కనబడింది. బోక్ అనే గురువు, న్యూకర్క్ అనే తోటి విద్యార్థి కలిసి దాన్ని నిర్ధారించారు. ఈనాటికీ అది ఆ ముగ్గురి పేర్లతోనే ఉంది. మళ్లీ సుమారు 60 వేల ఏళ్లకు గాని తిరిగి రాదట!

తోకచుక్క పొడిస్తే రాజుకు కీడని మన పెద్దవాళ్లు తలుపులు వేసుకున్నారు. హైదరాబాదు పిల్లవాడు దానికి దారి లెక్కగట్టాడు.

1957లో విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి మరో గొప్ప సంగతి బయటపెట్టాడు. నక్షత్రపు కాంతిలో కనిపించే ఒక కాల్షియం గీత ఎంత వెడల్పో కొలిస్తే, ఆ నక్షత్రం నిజంగా ఎంత ప్రకాశమైనదో చెప్పవచ్చు. అది తెలిస్తే ఎంత దూరంలో ఉందో కూడా తెలుస్తుంది. ఆయన అప్పటికే స్వదేశానికి తిరిగొచ్చి నైనితాల్‌లో పనిచేస్తున్నాడు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యాడు. తరువాత తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను నిలబెట్టాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. మన దేశంలోనే 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపు తయారు కావాలన్నది ఆయన కల. అది పూర్తికాకముందే 1982 ఆగస్టు 19న కన్నుమూశాడు. నెబో కొండ మీద నుంచి కనాను చూసిన మోషే గుర్తొస్తాడు కదూ! 1986లో ఆ టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు.

1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్‌లో శాస్త్రవేత్తలు పరికరాలతో ఎదురుచూశారు. ఎంతోమంది మాత్రం కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నారు. ఈనాటికీ మన విశ్వాసుల ఇళ్లలోనే గ్రహణం రోజు అన్నం పారబోసేవాళ్లు, గర్భిణిని కదలనివ్వనివాళ్లు ఉన్నారు. ఆకాశ సూచనలకు భయపడవద్దని యిర్మీయా పదో అధ్యాయంలో ప్రభువు స్పష్టంగా చెప్పాడు. భయం వద్దు గాని జాగ్రత్త కావాలి: సూర్యుణ్ణి వట్టి కళ్లతో చూడనివ్వకండి. అట్టకు సూది బెజ్జం పెట్టి, నీడలో పడే సూర్యబింబాన్ని చూపించండి.

భూపాలపల్లిలో గనికి షిఫ్టు దిగి వచ్చే తండ్రులారా, మహబూబాబాద్‌లో మిరప చేల నుంచి పొద్దుగూకి వచ్చే తల్లులారా, ఇవి పట్నం వాళ్ల చదువులని అనుకోకండి. వైను బప్పుకు దొరికిన మొదటి మేలు, ఆకాశం తెలిసిన ఇల్లు. మనకు టెలిస్కోపు లేకపోయినా, పట్నంలో లేని చీకటి మన ఊరి చివర ఉంది. చలికాలం రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని వాకిట్లోకి తీసుకెళ్లండి, ఫోను లోపల పెట్టి. చిన్న గుంపుగా మెరిసే పిల్లలకోడిని చూపించండి. ఎన్ని చుక్కలు కనబడుతున్నాయో లెక్కపెట్టమనండి. ఆ లెక్క కాగితం మీద రాసి వచ్చే ఆదివారం సండే స్కూలుకు పంపండి. ఎవరి లెక్క ఎంతో అందరం కలిసి చూద్దాం.