చిటపటల చరిత్ర

2000ల మొదట్లో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్లకు ఒక వింత ఎదురయ్యేది. పాట జోరుగా సాగుతున్నంతసేపూ కంప్యూటర్ కుదురుగానే ఉండేది. పాట ఆగి, ప్రతిధ్వని సన్నగిల్లి, ఇక చెవికి ఏమీ అందని క్షణంలో ప్రాసెసర్ మీద భారం ఒక్కసారిగా పెరిగిపోయేది. స్పీకర్లలో చిటపటలు మొదలయ్యేవి. నిశ్శబ్దాన్ని లెక్కగట్టడానికే యంత్రం ఆపసోపాలు పడేదన్నమాట.

కిటుకంతా పెంటియం 4 చిప్పులో ఉంది. ప్రతిధ్వని కలిపే రివర్బ్ లాంటి ప్లగ్-ఇన్‌లు, అంటే రికార్డింగ్ ప్రోగ్రామ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు, ధ్వనిని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతాయి తప్ప సున్నా దగ్గర ఆగవు. దశాంశ బిందువు తర్వాత 37 సున్నాలు దాటినా మొదటి అంకె రాని సంఖ్యలు తగిలితే, ఆ చిప్పు మామూలు దారి వదిలి ఎన్నో రెట్లు నెమ్మదైన దారి పట్టేది. ప్లగ్-ఇన్‌లు రాసేవాళ్లు దీనికి విచిత్రమైన విరుగుడు కనిపెట్టారు. సంఖ్యలు అంత చిన్నవి కాకుండా, ఎవరికీ వినబడనంత సన్నటి రొదను కావాలనే కలిపేసేవారు.

ఇంటి స్టూడియోలో ‘కంప్యూటర్ స్లో అయింది’ అనే మాట ఎన్నేళ్లుగానో వినబడుతోంది కానీ, దాని వెనకున్న జబ్బు మాత్రం ఒకటి కాదు. అది హార్డ్ డిస్కు నుంచి డ్రైవర్‌కు, అక్కడి నుంచి ప్రాసెసర్‌కు మకాం మారుస్తూ వచ్చింది. జబ్బు మారినా పాత మందులు మాత్రం చీటీలోంచి చెరగలేదు.

టేపు రోజుల్లో ఈ బాధే లేదు. 1979లో టాస్కామ్ కంపెనీ తెచ్చిన పోర్టాస్టూడియో మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసేది. 1982లో విడుదలైన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ ‘నెబ్రాస్కా’ న్యూజెర్సీలోని ఆయన ఇంట్లో అలాంటి యంత్రం మీదే తయారైంది. టేపులో బుసబుసలుండేవి, ట్రాకులు చాలేవి కావు, అంతే. మైకులో పాడింది అదే క్షణంలో హెడ్‌ఫోన్‌లో వినబడేది.

1985లో వచ్చిన అటారీ ఎస్టీ కంప్యూటర్‌కు వాద్యాలను కలిపే మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉండటంతో సంగీతకారులు దాన్ని ఎగబడి కొన్నారు. దాని ప్రాసెసర్ వేగం 8 మెగాహెర్ట్జ్ మాత్రమే. అయినా తాళం తప్పేది కాదు. ఎందుకంటే మిడిలో వెళ్లేది శబ్దం కాదు, ‘ఈ స్వరం, ఇంత గట్టిగా’ అనే ఆజ్ఞ మాత్రమే. ఆ దారి వేగం సెకనుకు 31,250 బిట్లు. అదే సీడీ నాణ్యతలో ఒక్క గొంతును రికార్డు చేయాలంటే సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, మొత్తం 7,05,600 బిట్లు కావాలి. అసలు బరువు ఇక్కడ మొదలైంది.

ఆ బరువు ముందు పడింది హార్డ్ డిస్కు మీద. 1991లో డిజిడిజైన్ కంపెనీ విడుదల చేసిన రికార్డింగ్ ప్రోగ్రామ్ ప్రో టూల్స్ నాలుగు ట్రాకులే ఇచ్చేది. మ్యాక్ ప్రాసెసర్ ఆ పని మోయలేదు కనుక లెక్కలన్నీ వేరే కార్డు మీద జరిగేవి. డిస్కుల తీరు మరీ చిత్రం. తిరిగి తిరిగి పళ్లేలు వేడెక్కి కాస్త వ్యాకోచించేవి. వాటి మీది గీతలు ఎక్కడికి జరిగాయో సరిచూసుకోవడానికి డిస్కు కొన్ని నిమిషాలకోసారి లిప్తపాటు పని ఆపేది. ఉత్తరాలు టైపు చేసేవారికి అది తెలిసేదే కాదు, పాడేవాడికి మాత్రం టేక్ పాడయ్యేది. ఆ విరామాన్ని వాయిదా వేసే ‘ఏవీ డ్రైవ్’లను కంపెనీలు ప్రత్యేకంగా అమ్మాయి. ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ తంతు స్టూడియోల్లో స్థిరపడింది కూడా అప్పుడే.

తెలుగు సినిమా పాటలకు పుట్టిల్లయిన మద్రాసులోనూ ఆ ఏళ్లలోనే రికార్డింగ్ ఇంటి బాట పట్టింది. 1992లో వచ్చిన ‘రోజా’ పాటలకు ఎ.ఆర్. రెహమాన్ కోడంబాక్కంలోని తన ఇంటి ఆవరణలో కట్టుకున్న పంచతన్ రికార్డ్ ఇన్‌లోనే రూపమిచ్చారు.

1996లో హాంబర్గ్ కంపెనీ స్టైన్‌బర్గ్ క్యూబేస్ వీఎస్టీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ తెచ్చింది. ప్రత్యేక కార్డు అక్కర్లేకుండా మామూలు ప్రాసెసరే మిక్సింగ్ చేయగలిగింది. దాంతో జబ్బు సౌండ్ కార్డును నడిపే ప్రోగ్రామైన డ్రైవర్‌లోకి మారింది. పాడిన మాట విండోస్ మామూలు దారిన సౌండ్ కార్డు నుంచి తిరిగొచ్చేసరికి సెకనులో పదో వంతు దాటిపోవడం మామూలే. తన గొంతు తనకే అంత ఆలస్యంగా వినబడితే ఎంతటి గాయకుడికైనా తాళం తప్పుతుంది. 1997లో స్టైన్‌బర్గే ఆసియో అనే పద్ధతి తెచ్చి, విండోస్ మధ్యవర్తిత్వం లేకుండా ప్రోగ్రామ్ నేరుగా కార్డుతో మాట్లాడే దారి వేసింది.

అయినా శబ్దాన్ని కాసేపు నిల్వ ఉంచే బఫర్ తప్పలేదు. మున్సిపల్ కుళాయి వచ్చి పోతున్నా ఇంట్లో ధార తెగకుండా డ్రమ్ము ఎలా కాపాడుతుందో, ప్రాసెసర్ వేరే పనిలో పడ్డా శబ్దం తెగకుండా బఫర్ అలా కాపాడుతుంది. 128 నమూనాల బఫర్ అంటే సుమారు 3 మిల్లీసెకన్లు. స్పీకర్‌కు మీటరు దూరంలో కూర్చుంటే శబ్దం చెవి చేరడానికి పట్టే సమయమే అది. 1,024 పెడితే 23 మిల్లీసెకన్లు. రానూ పోనూ కలిపితే ఆలస్యం రెట్టింపు. బఫర్ చిన్నదైతే చిటపటలు, పెద్దదైతే ఆలస్యం. అందుకే పాడేటప్పుడు తగ్గించడం, మిక్సింగ్‌లో పెంచడం అలవాటైంది.

తర్వాత ప్లగ్-ఇన్‌ల వెల్లువ వచ్చి ప్రాసెసర్ ఉక్కిరిబిక్కిరైంది. 2003లో లాజిక్ 6 అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ ‘ఫ్రీజ్’ సదుపాయం తెచ్చింది. పని పూర్తయిన ట్రాకును ప్లగ్-ఇన్‌లతో సహా శబ్దంగా మార్చి పక్కన పెట్టేస్తే, ప్రతిసారీ మళ్లీ లెక్కగట్టే పని ఉండదు.

ప్రాసెసర్లు బలపడ్డాక కూడా చిటపటలు పోకపోవడంతో నిజమైన నిందితులు బయటపడ్డారు. వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు కొన్ని మిల్లీసెకన్లపాటు ప్రాసెసర్‌ను పట్టుకుని వదిలేవి కావు. సగటు వేగం ఎంతున్నా లాభం లేదు, శబ్దానికి గడువు ముఖ్యం. ప్రాసెసర్ కోసం శబ్దానికీ డ్రైవర్లకూ మధ్య సాగే ఈ పోటీ మైక్రోసాఫ్ట్‌కూ తలనొప్పి తెచ్చింది. 2007లో విండోస్ విస్టా వాడినవారు పాట పెట్టగానే నెట్‌వర్క్ మీద ఫైళ్ల కాపీ మందగించడం గమనించారు. పాట తెగకుండా ఉండాలని విస్టా నెట్‌వర్క్‌ను సెకనుకు సుమారు 10,000 ప్యాకెట్లకు కట్టేసింది మరి. ఇక ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపించే లేటెన్సీమాన్ లాంటి పరికరాలు వచ్చాక ఊహాగానాలు తగ్గాయి. లినక్స్‌లో గడువు తప్పకుండా పని చేయించే మార్పులు సుమారు 20 ఏళ్లు విడిగా సాగి, 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నెల్‌లో చేరాయి.

ఇప్పటి సలహాల చీటీలో ఈ కాలాలన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. డీఫ్రాగ్ తిరిగే పళ్లేల కాలంది, తిరిగే పళ్లేలే లేని ఎస్‌ఎస్‌డీకి దాని పనే లేదు. పవర్ సేవింగ్ తీసేయడం, రికార్డింగ్ జరిగేటప్పుడు వైఫై ఆపడం మాత్రం ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ పనికొస్తాయి. చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో ఉండే డైరెక్ట్ మానిటరింగ్ పోర్టాస్టూడియో పద్ధతినే తిరిగి తెచ్చింది. అది మైకు శబ్దం కంప్యూటర్ నుంచి తిరిగొచ్చేదాకా ఆగకుండా దాన్ని నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపిస్తుంది. ఆ హెడ్‌ఫోన్‌కు తీగ ఉండాలి సుమా. బ్లూటూత్‌దైతే సెకనులో పదో వంతుకు మించిన ఆలస్యం చాలాసార్లు దానిలోనే ఉంటుంది, బఫర్‌ను 32కు దించినా తగ్గదు.